నిదానంగా బిగిసే పట్టు

పిలకాయలూ, మొన్న మీలో ఒకరు అడిగిన ప్రశ్న నాకు భలే నచ్చింది. "తాతా, అవ్వ పడుకోబోయే ముందు వేసుకునే మాత్ర ఉబ్బసానికే గదా, మరి ఆయాసం లేని రాత్రి కూడా ఎందుకు వేసుకుంటుంది? ఆయాసం ముంచుకొచ్చిన రోజేమో ఆ మాత్ర జోలికి పోకుండా పంపు (ఇన్‌హేలర్) ఎందుకు పీలుస్తుంది?" దీనికి సరైన జవాబు చెప్పాలంటే మెల్‌బోర్న్ పోవాలి, స్టాక్‌హోమ్ పోవాలి, ఆ మీదట మన మదనపల్లెకీ భీమవరానికీ తిరిగి రావాలి. తీరిగ్గా కూర్చోండి.

ముందు మన ఊళ్ళ సంగతి. పాత నెల్లూరు జిల్లా లెక్కన కావలి నుంచి తడ దాకా సముద్రమే మనకు తూర్పు హద్దు. సముద్రపు గాలి ఒంటికి మంచిదని పెద్దలు అంటారు, నిజమే. కానీ ఆ గాలితోపాటు చెమ్మ వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టిందంటే గోడలు బూజెక్కుతాయి, పరుపులూ దిండ్లూ ఆరవు. ఆ తడి దిండ్లలో కంటికి కనపడని దుమ్ము పురుగులు పెరుగుతాయి. మన ఒంటి మీద నుంచి రాలిన చర్మపు పొట్టే వాటి తిండి, వాటి పెంటికలే మన ముక్కుకు శత్రువులు. బయట సర్కారు తుమ్మ, అదే మనం చిల్లచెట్టు అంటామే, దాని పుప్పొడి ఒకటి. ఇసుక నేలల్లో సరుగుడు తోపుల పుప్పొడి ఇంకొకటి. వరి నూర్చే రోజుల్లో కల్లాల దుమ్ము సరేసరి.

రొయ్య సంగతి వేరే చెప్పాలి. 2009లో మన దేశంలో వనామి రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక ఈ తీరమంతా గుంటలే గుంటలు. షెడ్లలో పొద్దస్తమానం రొయ్య తలలు తీసి పొట్టు వొలిచే ఆడవాళ్ళను చూడండి. నీళ్ళు చిమ్మి కడిగినప్పుడూ, ఆవిరి మీద ఉడికించినప్పుడూ రొయ్య మాంసంలోని ప్రొటీన్లు సన్నటి తుంపరలై గాలిలో తేలతాయి. ఏళ్ళ తరబడి వాటిని పీల్చిన వాళ్ళలో కొందరికి పనిలో ఉన్నప్పుడు ముక్కు కారడం, దగ్గు, ఆ తర్వాత పిల్లికూతలు మొదలవుతాయి. సెలవు రోజున తగ్గి, పనిలోకి పోగానే మళ్ళీ వస్తే అది పనివల్ల వచ్చిన ఉబ్బసమేమోనని అనుమానించాలి. రొయ్యలు, పీతలు శుభ్రం చేసే కార్మికుల్లో ఈ జబ్బును ప్రపంచంలో చాలా చోట్ల డాక్టర్లు గుర్తించారు. ఇందులో ముఖ్యమైన దోషి ట్రోపోమయోసిన్ అనే కండర ప్రొటీన్. విచిత్రం ఏందంటే రొయ్యలో, బొద్దింకలో, దిండులోని దుమ్ము పురుగులో ఈ ప్రొటీన్ దాదాపు ఒకే పోలికలో ఉంటుంది. అందుకే ఒకదానికి ఎదురు తిరిగిన ఒళ్ళు ఒక్కోసారి మిగతా రెండిటికీ ఎదురు తిరుగుతుంది.

ఇవన్నీ బయటి కారణాలు. ఊపిరి గొట్టం లోపల ఏం జరుగుతుందో అదీ అసలు కథ. గొట్టాల గోడల్లో మాస్ట్ కణాలు అని కొన్ని కాపలా కణాలు ఉంటాయి. పడని పదార్థం తగలగానే అవి ముందే తయారు చేసి దాచుకున్న హిస్టమిన్‌ను ఒక్కసారిగా వదులుతాయి. తుమ్ములు, దురద, కళ్ళ వెంట నీళ్ళు చాలావరకు దాని పనే. జలుబుకి మనం వేసుకునే సెట్రిజిన్ లాంటి మాత్రలు ఆపేది ఈ హిస్టమిన్‌నే. మరి అవే మాత్రలు ఉబ్బసాన్ని ఎందుకు ఆపలేవు? డాక్టర్లను చాలా కాలం వేధించిన ప్రశ్న ఇది. జవాబు నాగుపాము విషం దగ్గర దొరికింది.

1938లో మెల్‌బోర్న్‌లోని వాల్టర్ అండ్ ఎలిజా హాల్ ఇన్‌స్టిట్యూట్‌లో చార్లెస్ కెల్లవే అనే ఆయన పాము విషాల మీద పని చేస్తున్నాడు. ఆయనతో కలిసి పని చేసిన విల్హెల్మ్ ఫెల్డ్‌బర్గ్, యూదుడైనందుకు 1933లో బెర్లిన్‌లో ఉద్యోగం పోగొట్టుకుని దేశం వదిలిన శాస్త్రవేత్త. వీళ్ళిద్దరూ గినీపిగ్ ఊపిరితిత్తుల్లోకి నాగుపాము విషం కలిపిన ద్రవం పంపి, అవతలి నుంచి కారిన ద్రవాన్ని పట్టారు. దాన్ని వెచ్చటి ఉప్పునీళ్ళలో వేలాడదీసిన గినీపిగ్ పేగు ముక్క మీద వేశారు. పేగు ముక్కకు ఒక దారం, దారానికి ఒక పుల్ల, పుల్ల కొసన మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము. పేగు ముడుచుకుంటే పుల్ల లేచి మసి మీద తెల్లటి గీత గీస్తుంది. హిస్టమిన్ వేస్తే గీత సూదిలా పైకి లేచి, కడగగానే కిందికి దిగేది. ఈ ద్రవం వేస్తే మాత్రం గీత మెల్లగా ఎక్కుతూ పోయి, ఎక్కిన చోటే ఉండిపోయింది. దిగడానికి చాలాసేపు పట్టింది. హిస్టమిన్ కాక ఇంకేదో ఉందని ఆ గీతే సాక్ష్యం చెప్పింది. పేరు తెలియని ఆ వస్తువును వాళ్ళు నిదానంగా పనిచేసే పదార్థం అని రాసుకున్నారు. ఎలర్జీ పుట్టించిన ఊపిరితిత్తుల నుంచి కూడా అదే వస్తుందని 1940లో కెల్లవే, ట్రెథ్యూయీ చూపించారు. 1960లో బ్రిటన్‌లో వాల్టర్ బ్రాకిల్‌హర్స్ట్ యాంటీహిస్టమిన్ ముందే వేసి కూడా ఈ ముడుచుకోవడం ఆగదని తేల్చాడు. సెట్రిజిన్ రకం మాత్రలు ఉబ్బసాన్ని ఎందుకు ఆపలేవో అప్పుడు అర్థమైంది. పట్టు బిగించేది వేరే చెయ్యి.

ఆ చెయ్యి ఎవరిదో తెలియడానికి మొత్తం నలభై ఏళ్ళు పట్టింది. పదార్థం అంత కొంచెంగా వస్తుంది, పైగా త్వరగా చెడిపోతుంది. 1979లో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో బెంగ్ట్ శామ్యూల్సన్ బృందం దాని నిర్మాణం బయటపెట్టింది. ఆ బృందంలో రాబర్ట్ మర్ఫీ అనే అమెరికన్ ఉన్నాడు, ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాడు. వాళ్ళు దానికి లూకోట్రయీన్ అని పేరు పెట్టారు. 1982లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో శామ్యూల్సన్ ఒకరు. మనిషి ఊపిరి గొట్టాన్ని బిగించే శక్తిలో లూకోట్రయీన్లు హిస్టమిన్ కంటే వందల నుంచి వెయ్యి రెట్లు ఎక్కువ.

ఇవి పుట్టే విధానం మన రైతుకు ఇట్టే అర్థమవుతుంది. ప్రతి కణం చుట్టూ ఉండే కొవ్వు పొరలో అరాకిడోనిక్ ఆమ్లం అనే సరుకు నిల్వ ఉంటుంది. కణానికి కోపం వస్తే ఆ నిల్వ నుంచి కొంత వదులుతుంది. కనిగిరి రిజర్వాయరు కింద రెండు తూములున్నాయనుకోండి, రెండు కాలవలకు నీళ్ళు పోతాయి. ఒక తూము దగ్గర సైక్లో ఆక్సిజనేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, ఆ కాలవలో ప్రోస్టాగ్లాండిన్లు పోతాయి. నొప్పి, జ్వరం, వాపు వాటి పని. రెండో తూము దగ్గర 5-లైపాక్సిజనేజ్ ఉంటుంది, ఆ కాలవలో పారేది లూకోట్రయీన్లు. మీరు తలనొప్పికి ఆస్ప్రిన్ వేసుకుంటే మొదటి తూము మూతపడుతుంది. చాలామందికి ఏ బాధా లేదు. కానీ కొందరు ఉబ్బసం రోగుల్లో రెండో కాలవకు వరద తన్నుకొస్తుంది. మాత్ర మింగిన గంటా రెండు గంటల్లో ముక్కు మూసుకుపోయి, మొహం ఎర్రబారి, ఛాతీ పట్టేస్తుంది. ముక్కులో కండ పెరిగే అలవాటున్న పెద్దవాళ్ళలో ఇది ఎక్కువ. ఆస్ప్రిన్ ఒక్కటే అనుకోవద్దు, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ కూడా ఇదే పని చేస్తాయి. ఒళ్ళునొప్పులకు మందుల షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే మాత్రల్లో చాలా ఈ జాతివే. ఉబ్బసం ఉన్న మనిషి ఏ నొప్పి మాత్ర పడిందో, ఏది పడలేదో గుర్తు పెట్టుకుని డాక్టరుకు చెప్పి తీరాలి. ఈ ఒక్క మాట నేను ఎన్నిసార్లయినా చెబుతాను.

రెండో తూము దగ్గరి ఆ 5-లైపాక్సిజనేజ్ మీ అమ్మ వండే ఉర్లగడ్డల్లో కూడా ఉంది. నిజంగానే చెబుతున్నా. ఒంటి కణాల నుంచి ఈ ఎంజైమ్‌ను పరీక్షలకు సరిపడా తీయడం కష్టం. ఉర్లగడ్డ ఎంజైమ్ కూడా లూకోట్రయీన్ తయారీలో మొదటి రెండు మెట్లూ ఎక్కగలదని శామ్యూల్సన్ బృందం 1984లో చూపించింది. ఆ ఎంజైమ్‌ను గడ్డ నుంచి శుద్ధిగా తీసే పద్ధతిని 1990లో అచ్చు వేసిన వాళ్ళలో ముగ్గురి పేర్లు చదివితే మన ఊరి పెళ్ళి శుభలేఖలా ఉంటాయి: రెడ్డన్న, మద్దిపాటి కృష్ణారావు, చన్నారెడ్డి. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో చన్నారెడ్డి గారి ప్రయోగశాలది ఆ పని. రెడ్డన్న గారు హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఇదే ఎంజైమ్‌ల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు, విద్యార్థులను తయారు చేశారు. కృష్ణారావు గారు డెట్రాయిట్ తెలుగు సాహిత్య బృందంలో అందరికీ తెలిసిన మనిషి. ఏ ఆకులో, ఏ వేరులో ఉబ్బసం తగ్గించే గుణముందో చూడాలంటే, దాని రసం ఈ గడ్డ ఎంజైమ్‌ను ఆపుతుందా లేదా అన్నది తొలి పరీక్షల్లో ఒకటి.

మందుల దగ్గరికొద్దాం. తూమునే మూసే మందు జైల్యూటాన్, 1996లో అమెరికాలో అనుమతి పొందింది. అప్పట్లో దాన్ని రోజుకు నాలుగుసార్లు వేసుకోవాల్సి వచ్చేది, కాలేయాన్ని చూసుకుంటూ ఉండాలి. మిగతావి తూము జోలికి పోవు. కాలవ చివర, అంటే ఊపిరి గొట్టపు కండరం మీద లూకోట్రయీన్ వచ్చి కూర్చునే చోటును ముందే ఆక్రమిస్తాయి. జపాన్‌లో ప్రాన్‌లుకాస్ట్ 1995లో వచ్చింది. జాఫిర్‌లుకాస్ట్ 1996లో వచ్చింది, దాన్ని తిండికి దూరంగా రెండు పూటలా వేసుకోవాలి. కెనడాలోని మాంట్రియల్‌లో మెర్క్ కంపెనీ పరిశోధనశాల కనిపెట్టిన మాంటెలుకాస్ట్‌కు 1998 ఫిబ్రవరిలో అమెరికా అనుమతి దొరికింది. రోజుకు ఒక్క మాత్ర, తిండితో పనిలేదు. అదే గెలిచింది, అవ్వ వేసుకునేదీ అదే. రెండు నుంచి అయిదేళ్ళ పిల్లలకు 4 మిల్లీగ్రాములు, ఆరు నుంచి పద్నాలుగేళ్ళకు 5, అంతకు పైబడితే 10. 2012 ఆగస్టులో అమెరికాలో పేటెంటు గడువు తీరింది. అదే నెలలో జెనరిక్ మాత్రలకు అనుమతి పొందిన కంపెనీల్లో హైదరాబాదు అరబిందో ఫార్మా ఒకటి. మన మందుల షాపుల్లో ఇది ఎక్కువగా లెవోసెట్రిజిన్‌తో కలిపిన మాత్రగా దొరుకుతుంది. హిస్టమిన్‌కు ఒకటి, లూకోట్రయీన్‌కు ఒకటి అన్నమాట.

మీ ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెప్పొచ్చు. హిస్టమిన్ అయితే కణంలో తయారుగా ఉంటుంది. లూకోట్రయీన్ అప్పటికప్పుడు తయారై, నెమ్మదిగా బిగించి, గంటల తరబడి వదలదు. గొట్టం గోడ వాచిపోతుంది, గళ్ళ ఊరుతుంది, ఇస్నోఫిల్ అనే తెల్లకణాలు అక్కడికి పోగవుతాయి. ఉబ్బసం రాత్రి రెండో జాము తర్వాత, తెల్లవారుజామున ఎక్కువవుతుంది కాబట్టి అవ్వ మాత్ర పొద్దుగూకాక వేసుకుంటుంది. లూకోట్రయీన్ వచ్చేసరికి కుర్చీ నిండి ఉండాలి, కాబట్టి ఆయాసం లేని రోజూ వేసుకుంటుంది. అప్పటికే బిగిసిన గొట్టాన్ని అది నిమిషాల్లో విప్పలేదు. ఆ పని పంపుదే. ఆయాసం ముంచుకొచ్చినప్పుడు మాత్ర మింగి కూర్చోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మన వైపు పంపు అంటే భయం, సిగ్గు. "అలవాటైపోతుంది" అంటారు, ఆడపిల్ల పంపు పీలిస్తే పెళ్ళి సంబంధం పోతుందని దాచిపెడతారు. అందుకని మాత్ర ఒక్కటే రాయమని డాక్టరును బతిమాలుతారు. కానీ పంపుతో రోజూ పీల్చే స్టెరాయిడ్ మందు ఉబ్బసాన్ని అదుపులో పెట్టినంతగా మాంటెలుకాస్ట్ పెట్టలేదు. పోల్చి చూసిన పరీక్షలన్నీ దాదాపు ఇదే చెప్పాయి. పంపు మందు సరిపోనప్పుడు తోడుగా, ఆస్ప్రిన్ పడని వాళ్ళకు, పరిగెత్తితే పిల్లికూతలు వచ్చే పిల్లలకు, ముక్కు ఎలర్జీ కూడా ఉన్నవాళ్ళకు మాత్ర బాగా ఉపయోగపడుతుంది. పీల్చే మందు నేరుగా గొట్టాల్లోకే పోతుంది కాబట్టి మోతాదు చాలా తక్కువ. దానికి భయపడి మాత్ర మీద ఆధారపడటం నాకు బాధ కలిగించే విషయం.

మాత్రకూ తనదైన ప్రమాదం ఉంది. 2020 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ మాంటెలుకాస్ట్ సమాచార పత్రంలో నల్లగీతల చట్రం కట్టి హెచ్చరిక ముద్రించమంది. కొందరిలో పీడకలలు, నిద్రలో నడవడం, చిరాకు, దిగులు, అరుదుగా చచ్చిపోవాలనే ఆలోచనలు కూడా వచ్చాయని. ముక్కు ఎలర్జీ ఒక్కటే ఉంటే ముందు వేరే మందులు వాడి చూడమని కూడా చెప్పింది. పిల్లవాడు మాత్ర మొదలుపెట్టాక అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తున్నా, ఊరికే తగువుకొస్తున్నా, చదువు మీద మనసు పెట్టలేకపోతున్నా అది మొండితనం అనుకుని కొట్టొద్దు. మాత్ర సంగతి డాక్టరుకు చెప్పండి. చాలామందికి ఏమీ కాదు, కానీ తెలిసి ఉండాలి.

ఇక మదనపల్లె. అక్కడి ఆరోగ్యవరం క్షయ శానిటోరియంలో డేనిష్ డాక్టరు ఫ్రిమొడ్ట్-మొల్లర్, బార్టన్ అనే ఇంకొకాయన 1940లో ఒక వింత రాశారు. క్షయ అనుకుని వచ్చిన కొందరికి రాత్రిపూట దగ్గు, ఆయాసం, ఎక్స్‌రేలో మచ్చలు ఉన్నాయి గానీ కళ్ళెలో క్షయ క్రిమి లేదు, రక్తంలో మాత్రం ఇస్నోఫిల్స్ విపరీతంగా ఉన్నాయి. 1943లో వైన్‌గార్టెన్ అనే డాక్టరు దీనికి ట్రాపికల్ ఇస్నోఫీలియా అని పేరు పెట్టాడు. మన పెద్దలు ఉత్తుత్తికే "ఇస్నోఫీలియా ఉంది" అంటుంటారే, ఆ మాట పుట్టుక ఇది. అసలు కారణం బోదకాలు పురుగే. దోమ కుట్టి ఒంట్లో చేరిన ఫైలేరియా పురుగులు కన్న పిల్లపురుగులను కొందరి ఒళ్ళు ఊపిరితిత్తుల్లో పట్టి చంపుతుంది, ఆ పోరులో గొట్టాలు వాచి ఉబ్బసంలాగే కూస్తాయి. మామూలుగా ఈ పురుగు సోకిన చాలామందిలో అయితే అర్ధరాత్రి తీసిన రక్తంలో ఆ పిల్లపురుగులు కనపడతాయి, వీళ్ళలో మాత్రం కనపడవు.

దీనికి మందు దొరికింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారి ప్రయోగశాల నుంచే. 1895లో భీమవరంలో పుట్టి, న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడిపిన ఆయన బృందం 1947లో డైఇథైల్ కార్బమజైన్ గురించి ప్రకటించింది. మరుసటి ఏడు ఆగస్టులో ఆయన కన్నుమూశారు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఎదురుగా మింగించే బోదకాలు మాత్ర అదే. 1950లలో ఇస్నోఫీలియా రోగులకు దాన్ని ఇస్తే దగ్గు, ఆయాసం తగ్గిపోయాయి.

అసలు ముచ్చట ఆ తర్వాతిది. 1968లో అమెరికాలో ఆరెంజ్, వాలెంటైన్, ఆస్టిన్ అనే ముగ్గురు ఈ మందు ఎలుకల్లో ఆ "నిదానంగా పనిచేసే పదార్థం" విడుదలను ఆపుతోందని చూశారు. అప్పటికి దాని అసలు పేరు ఎవరికీ తెలియదు! 1982లో రాబర్ట్ మర్ఫీ, చెప్పాను గదా మళ్ళీ వస్తాడని, మాథ్యూస్‌తో కలిసి సుబ్బారావు గారి మందు కణాల్లో లూకోట్రయీన్ తయారీనే అడ్డుకుంటుందని చూపించాడు. ఇంకో చిత్రం: గాజు గిన్నెలో ఫైలేరియా పిల్లపురుగుల మీద ఈ మందు పోస్తే అవి చావవు. మనిషి ఒంట్లోకి పోతేనే రక్తంలో పురుగులు చూస్తుండగా తగ్గిపోతాయి. ఒంట్లోని ఆ అరాకిడోనిక్ కాలవల మీద పనిచేసి, మన రక్షణ కణాల చేతనే పురుగును పట్టిస్తుందని తర్వాతి పరిశోధనలు చెబుతున్నాయి. 1960లలో మొండి ఉబ్బసానికి కూడా దీన్ని వాడి చూశారు. నిలబడలేదు, ఎందుకంటే లూకోట్రయీన్‌ను ఆపడానికి కావలసిన మోతాదు చాలా ఎక్కువ. అంచేత బోదకాలు మాత్ర ఉబ్బసానికి మందు కాదు, ఎవరూ సొంతంగా మింగొద్దు. అయినా మన భీమవరం బిడ్డ చేసిన మందు, మాంట్రియల్ మాత్రకు యాభై ఏళ్ళ ముందే, తెలియకుండానే అదే కాలవ గట్టు మీద నిలబడిందంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మన తీరంలో దీనికి ఇప్పటికీ అవసరం ఉంది. ఉబ్బసం అని నెలల తరబడి మాంటెలుకాస్ట్ వేసుకుంటున్నా, పంపు పీలుస్తున్నా రాత్రి దగ్గు వదలకుంటే, మనిషి చిక్కిపోతూ సన్నజ్వరం తగులుతుంటే, ఇస్నోఫిల్స్ లెక్క చూడమని డాక్టరును అడగండి. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో అయిదు వందల లోపు ఉంటాయి. ఎలర్జీ ఉన్నవాళ్ళలో కొంత పెరుగుతాయి. మూడు వేలు దాటితే ఫైలేరియా పరీక్ష, పేగుపురుగుల పరీక్ష చేయించాలి. ఇస్నోఫీలియా అని తేలితే బోదకాలు మందు రెండు మూడు వారాలు డాక్టరు చూస్తుండగా వాడతారు. వాడకుండా వదిలేస్తే ఊపిరితిత్తులు మచ్చలు పడి గట్టిపడతాయి. మళ్ళీ తిరగబెట్టే వీలుంది కాబట్టి ఆ లెక్క కొన్ని నెలల తర్వాత ఇంకోసారి చూపించుకోవాలి.